తాకితే, తింటే, పక్కన కూర్చుంటే హెచ్‌ఐవీ వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో హెచ్‌ఐవీ గురించి మనసులో పెట్టుకుని కుమిలిపోయే వారి సందేహాలను గమనిస్తే, వాటిలో చాలా వాటికి మూలం ప్రమాదం ఏమాత్రం లేని సంఘటనలే అని తెలుస్తుంది. దర్శనం క్యూలో తగిలిన చెమట, హోటల్లో తాగిన గ్లాసు, గుండు గీయించుకున్నప్పుడు పడిన గాటు, బస్సు సీటు మీద కనిపించిన ఎర్రటి మరక వంటివి కొందరిని నెలల తరబడి నిద్రపోనివ్వవు. నిజంగా జాగ్రత్త పడవలసిన సందర్భాల గురించి మాత్రం నోరు తెరిచి అడిగేవారు తక్కువ. ఈ రెండు రకాల ప్రశ్నలకూ ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇవి సాధారణ అవగాహన కోసం రాసినవి. మీ విషయంలో ఏం చేయాలో వైద్యుడే నిర్ణయించాలి.

హెచ్‌ఐవీ అసలు ఏ దారిలో వస్తుంది?

సోకడానికి సరిపడే మోతాదులో ఈ వైరస్ ఉండేది కొన్ని శరీర ద్రవాల్లోనే. అవి రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వారంలోని స్రావాలు, తల్లిపాలు. వైరస్ ఉన్న వ్యక్తి నుంచి వీటిలో ఏదో ఒకటి నేరుగా మరొకరి రక్తంలోకి గాని, శరీరం లోపలి తడి పొరల మీదికి గాని చేరాలి. కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడటం, పరీక్షించని రక్తాన్ని ఎక్కించడం, గర్భంలో గాని కాన్పు సమయంలో గాని పాల ద్వారా గాని తల్లి నుంచి బిడ్డకు చేరడం అన్నవే ఆ దారులు. ఉమ్మి, చెమట, కన్నీరు, తుమ్ము తుంపరలు ఈ జాబితాలో లేవు.

గాయం లేని చర్మాన్ని ఈ వైరస్ దాటలేదు. శరీరం బయట అది తన సంఖ్యను పెంచుకోలేదు. రక్తపు చుక్క ఆరిపోతున్న కొద్దీ అందులోని వైరస్ కొన్ని గంటల్లోనే 90 నుంచి 99 శాతం వరకు తగ్గిపోతుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. కాబట్టి ఏ సంఘటన గుర్తొచ్చి భయం వేసినా, అక్కడ ఉన్న ద్రవం ఏమిటి, అది తాజాదేనా, నా ఒంట్లోకి వెళ్లడానికి దానికి దారి ఉందా అని వరుసగా ప్రశ్నించుకోండి. రోజువారీ జీవితంలో ఎదురయ్యే దాదాపు ఏ సందర్భమూ ఈ మూడు ప్రశ్నలను దాటి రాదు.

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తుండగా గాటు పడి రక్తం వచ్చింది. అంతకు ముందు అదే కత్తితో ఎవరికి గుండు గీశారో తెలియదు. భయపడాలా?

అవసరం లేదు. గుండు గీసేటప్పుడు, ముఖ్యంగా చెవుల వెనుక, మెడ పైభాగంలో చిన్న గాట్లు పడటం మామూలే. తిరుమలలో మనిషికొక కొత్త బ్లేడు వాడటం పద్ధతి. కొత్త బ్లేడుతో పడిన గాటు ఎంత లోతుగా ఉన్నా దాని వల్ల హెచ్‌ఐవీ రాదు, ఎందుకంటే ఆ బ్లేడు మీద మరొకరి రక్తమే లేదు. కత్తి పిడి చాలామంది తలలను తాకి ఉండవచ్చు గాని, తడి వెంట్రుకలు, నీళ్లు తగిలిన పిడి గాయంలోకి రక్తాన్ని చేర్చే సాధనం కాదు.

బ్లేడు మార్చారో లేదో గమనించలేదని కొందరు ఇంటికి వచ్చాక మథనపడతారు. వారి కోసం ఒక పోలిక చెబుతాను. ఆసుపత్రిలో హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది, లోపల తాజా రక్తం ఉండగానే, నర్సు వేలికి గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యి సందర్భాల్లో సుమారు 3. సూది లోపల గొట్టంలా ఉండి రక్తాన్ని నిలుపుకుంటుంది. బ్లేడు మీద అలా నిలవదు. పైగా గుండు గీసేవారు దాన్ని మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ, తుడుస్తూ ఉంటారు. ముందు కూర్చున్న వ్యక్తికి హెచ్‌ఐవీ ఉండాలి, ఆయనకూ గాటు పడాలి, ఆ రక్తం ఆరకుండా బ్లేడు మీద మిగలాలి, వెంటనే మీ గాయంలోకి చేరాలి. ఇన్నీ కలిసి రావడం ఎంత అరుదో ఊహించుకోవచ్చు.

అయినా కొత్త బ్లేడు వేయమని అడగడం మానవద్దు. హెపటైటిస్ బి వైరస్ హెచ్‌ఐవీ కంటే చాలా మొండిది. శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. పిల్లల పుట్టు వెంట్రుకలు తీయించేటప్పుడు, అది ఏ క్షేత్రంలోనైనా ఊరి గుడి దగ్గరైనా, బ్లేడును కళ్ల ముందే కాగితం విప్పి వేయించుకోండి. హెపటైటిస్ బికి టీకా ఉంది, హెచ్‌ఐవీకి లేదు. అయినా బ్లేడు విషయంలో మన వాళ్లు హెచ్‌ఐవీకి భయపడినంతగా హెపటైటిస్ బికి భయపడరు.

గుండు మీద గాట్లు ఆరకుండానే పుష్కరిణిలో మునిగాను. తర్వాత గుడిలో తలపై శఠారి పెట్టారు.

రెండింటి వల్లా హెచ్‌ఐవీ రాదు. అంత నీటిలో ఎవరి రక్తపు చుక్క కలిసినా అది సోకేంత మోతాదులో మిగలదు. శఠారి లోహం, అది తలను తాకి వెళుతుందే గాని చర్మాన్ని కోయదు. తీర్థం తీసుకోవడం గురించి కూడా ఇదే సమాధానం.

చెప్పులు లేకుండా అలిపిరి మెట్లు ఎక్కుతుండగా ఎర్రటి తడి మరక తొక్కాను. నా మడమ పగిలి ఉంది.

అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. మొక్కు ఉన్న వారు ఒక్కొక్క మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కుతారు కాబట్టి, ఆ దారిలో కాలికి అంటే ఎరుపు చాలా వరకు కుంకుమే. అది నిజంగా ఎవరి కాలి బొబ్బో చిదిమి కారిన రక్తమే అనుకున్నా, ఎండకూ గాలికీ రాతి మీద పలుచగా ఆరిన రక్తం పగిలిన మడమ ద్వారా హెచ్‌ఐవీని చేర్చదు. మడమ పగుళ్లలో ఎక్కువ భాగం మృతచర్మమే. కాలు శుభ్రంగా కడుక్కోవడం ఎలాగూ మంచిదే. దారిలో ముల్లో మేకో గుచ్చుకుంటే టెటనస్ ఇంజెక్షన్ గురించి ఆలోచించండి.

దర్శనం క్యూలో గంటల తరబడి అందరి చెమటా తగులుతుంది. కొండ బస్సులో ఒకరి మీద ఒకరు పడతాం. వారిలో ఎవరికైనా హెచ్‌ఐవీ ఉంటే?

ఉండవచ్చు; ఉన్నా మీకు రాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వారిలో 0.67 శాతం మందికి, అంటే వెయ్యి మందిలో ఆరేడుగురికి హెచ్‌ఐవీ ఉంది. మన దేశంలో దీన్ని తొలిసారి గుర్తించింది 1986లో. చెన్నైలో సేకరించిన రక్త నమూనాలను చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో పరీక్షించినప్పుడు ఆ విషయం బయటపడింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు హెచ్‌ఐవీ ఉన్నవారు మనతో పాటు అవే క్యూలలో నిలబడ్డారు, అవే బస్సుల్లో ప్రయాణించారు, అవే సత్రాల్లో పడుకున్నారు. చెమట ద్వారా వచ్చేదే అయితే తిరుపతిలో అది సోకని ఇల్లు మిగిలేది కాదు.

హోటల్లో వంట చేసే వ్యక్తి వేలు తెగి రక్తం కూరలో పడి ఉంటే? పానీపూరి అమ్మే వ్యక్తి చేతికి పుండు ఉంటే?

అన్నం, కూర వండేటప్పటి వేడికి వైరస్ నశిస్తుంది. వండని పదార్థంలో పడినా గాలి తగిలి, ఉప్పు పులుపుల్లో కలిసి, చివరికి జీర్ణాశయంలోని ఆమ్లంలోకి వెళ్లేసరికి అది పనికిరాకుండా పోతుంది. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేల మందితో కలిసి భోజనం చేసినా, వీధి చివర బండి దగ్గర పానీపూరి తిన్నా హెచ్‌ఐవీ రాదు. పానీపూరి నీళ్లతో వచ్చే కామెర్లు, టైఫాయిడ్, వాంతులు, విరేచనాలు మాత్రం నిజమైన సమస్యలు. పుచ్చకాయల్లోకి, అనాస పళ్లలోకి హెచ్‌ఐవీ రక్తాన్ని సూదితో ఎక్కిస్తున్నారని, శీతల పానీయాల్లో కలిపారని వాట్సాప్‌లో వచ్చే సందేశాలు ప్రతి వేసవిలోనూ ఊరి పేరు మాత్రమే మార్చుకుని తిరుగుతుంటాయి. వాటిని ఇంకొకరికి పంపకుండా తీసివేయండి.

ఎంగిలి గ్లాసు, ఒకే పళ్లెంలో సంగటి, ముద్దు?

ఉమ్మిలో హెచ్‌ఐవీ సోకేంతగా ఉండదు. పైగా ఆ వైరస్‌ను అడ్డుకునే పదార్థాలు ఉమ్మిలోనే ఉంటాయి. ఒకే గ్లాసులో మజ్జిగ తాగవచ్చు, ఒకే పళ్లెంలో రాగిసంగటి తినవచ్చు, పిల్లల బుగ్గ మీద ముద్దు పెట్టవచ్చు. పెదవులు కలిపి గాఢంగా ముద్దు పెట్టుకునేటప్పుడు ఇద్దరికీ చిగుళ్ల నుంచి బాగా రక్తం కారుతుంటే తప్ప అక్కడా ప్రమాదం లేదు. అలాంటి సందర్భాలు ప్రపంచం మొత్తం మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఒక్క మినహాయింపును దాచకుండా చెప్పాలి. చికిత్సలో లేని, చిగుళ్ల నుంచి రక్తం కారే వ్యక్తి తన నోట్లో నమిలిన ఆహారాన్ని పసిబిడ్డ నోట్లో పెట్టడం వల్ల హెచ్‌ఐవీ సోకిన అరుదైన ఘటనలు అమెరికాలో నమోదయ్యాయి. పళ్లు రాని బిడ్డకు అన్నాన్ని గాని వక్కను గాని నమిలి పెట్టే అలవాటు ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే, హెచ్‌ఐవీ సంగతి ఎలా ఉన్నా, దాన్ని మానడమే మేలు.

దోమ కుడితే ఎందుకు రాదు? డెంగీ వస్తుంది కదా?

ఈ ప్రశ్నలో తర్కం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం. డెంగీ వైరస్ దోమ కడుపులోకి వెళ్లాక అక్కడే పెరిగి, కొన్ని రోజుల్లో దోమ లాలాజల గ్రంథులకు చేరుతుంది. దోమ మళ్లీ కుట్టినప్పుడు మనలోకి వదిలేది తన లాలాజలాన్ని. ఆ లాలాజలంతో పాటు డెంగీ వస్తుంది. హెచ్‌ఐవీ పెరగడానికి మనిషి రక్తంలో ఉండే సి.డి.4 అనే తెల్ల కణాలు కావాలి. దోమలో అవి లేవు. అందుకని దోమ తాగిన రక్తంతో పాటు హెచ్‌ఐవీ కూడా దాని కడుపులో జీర్ణమైపోతుంది, లాలాజలానికి చేరదు. దోమ నిన్న ఒకరి దగ్గర తాగిన రక్తాన్ని ఇవాళ మరొకరిలోకి కక్కదు కూడా.

లెక్క కూడా ఇదే చెబుతుంది. దోమలు వయసు చూసి కుట్టవు. దోమల వల్లే వచ్చేదైతే బడి పిల్లల్లోనూ, మంచం పట్టిన వృద్ధుల్లోనూ హెచ్‌ఐవీ సమానంగా కనబడాలి. అలా కనబడదు, లైంగిక జీవితం ఉన్న వయసులోనూ, వైరస్ ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డల్లోనూ కనబడుతుంది. నల్లులు, జలగలు, పేలు కూడా దీన్ని చేరవేయవు. గంగజాతరలో మొక్కు తీర్చిన వేట రక్తం చేతికి అంటిందని భయపడేవారు కూడా ఉన్నారు. మేకలకు, కోళ్లకు మనిషి హెచ్‌ఐవీ రాదు కాబట్టి వాటి రక్తంలో అది ఉండదు.

సినిమా హాలు సీటులోనో బస్సు సీటులోనో ఏదో గుచ్చుకుంది. ఎవరైనా సూది పెట్టి ఉంటారా?

సీట్లలో హెచ్‌ఐవీ సూదులు పెడుతున్నారన్న కథ చాలా దేశాలు తిరిగి వచ్చింది. బహిరంగ ప్రదేశంలో పడి ఉన్న సూది గుచ్చుకుని హెచ్‌ఐవీ సోకినట్టు నిర్ధారణ అయిన సందర్భాలు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల వద్ద కూడా లేవు. సీటు నుంచి పొడుచుకు వచ్చిన తీగో, స్క్రూనో అయి ఉంటుంది. నిజంగా ఇంజెక్షన్ సూదే కనబడి గుచ్చుకుంటే, ఆ చోటును సబ్బు నీటితో కడిగి, పిండకుండా, గీకకుండా, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి వైద్యునికి చెప్పండి.

లాడ్జి మరుగుదొడ్డి, తువ్వాలు, దుప్పటి, హాస్టల్ బకెట్?

వీటి ద్వారా రాదు. గజ్జి, తామర రావచ్చు.

సెలూన్, పచ్చబొట్టు, చెవులు కుట్టించడం?

కత్తిరింపుకు ఏ ప్రమాదమూ లేదు. గడ్డం గీసేందుకు కొత్త బ్లేడు అడగండి. పచ్చబొట్టు విషయం వేరు. తిరునాళ్లలో, జాతరలో నేల మీద కూర్చుని ఒకే సూదితో, ఒకే రంగు గిన్నెతో వరుసగా అందరికీ పచ్చబొట్లు పొడిచే చోట రక్తం ఒకరి నుంచి ఒకరికి చేరే దారి నిజంగానే ఉంది. హెపటైటిస్ బి, సి ల విషయంలో ఆ అవకాశం మరింత ఎక్కువ. చెవులు, ముక్కు కుట్టించేటప్పుడు కూడా కొత్త సూదో, కొత్త తీగో వాడాలి. జాతర వేషాలకు ముఖానికి పూసుకునే రంగులు, బొగ్గు, సున్నం అందరూ కలిసి వాడుకున్నా పర్వాలేదు.

మా పల్లెలో ఆర్‌ఎంపీ దగ్గర తరచూ ఇంజెక్షన్ వేయించుకుంటాం. అందులో ప్రమాదం ఉందా?

రోజువారీ జీవితంలో నిజంగా అడగవలసిన ప్రశ్న ఇది. దోమ గురించి పది మంది అడిగితే దీని గురించి ఒకరు అడగడం కూడా కష్టం. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్మవు ప్రాంతంలో పదుల సంఖ్యలో గ్రామస్థులకు హెచ్‌ఐవీ ఉన్నట్టు 2018లో వెలుగులోకి వచ్చినప్పుడు, అర్హత లేని ఒక వైద్యుడు ఒకే సిరంజిని మళ్లీ మళ్లీ వాడాడన్న ఆరోపణతో కేసు పెట్టారు. 2019లో పాకిస్తాన్‌లోని లర్కానా జిల్లా రతోడెరోలో వందలాది మందికి, వారిలో ఎక్కువగా చిన్న పిల్లలకు, హెచ్‌ఐవీ బయటపడినప్పుడు కూడా పరిశోధకులు అసురక్షితమైన ఇంజెక్షన్లనే ప్రధాన కారణంగా చూపారు.

సిరంజి, సూది రెండూ కొత్తవే కావాలి. సూది మార్చి సిరంజి అదే ఉంచడం చాలదు, ఎందుకంటే రక్తం సిరంజి గొట్టంలోకి కూడా వెనక్కి వస్తుంది. సీలు విప్పుతుండగా మీరు చూడాలి. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమంటే, జలుబుకూ ఒళ్లు నొప్పులకూ వేసే ఇంజెక్షన్లలో అవసరమైనవి చాలా తక్కువ. మాత్ర సరిపోతుందా అని అడగండి. సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందన్న నమ్మకాన్ని నా ఉద్దేశంలో ఎంత త్వరగా వదులుకుంటే అంత మంచిది.

రక్తదానం చేస్తే వస్తుందా? రక్తం ఎక్కించుకుంటే?

దానం చేసేవారికి రాదు, ఎందుకంటే సూది, సంచి కొత్తవి. ఎక్కించే రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష మన దేశంలో 1989 నుంచి తప్పనిసరి. సోకిన కొత్తలో పరీక్షకు దొరకని కొద్ది రోజుల గడువు వల్ల అతి స్వల్ప ప్రమాదం మిగులుతుంది కాబట్టి, ప్రమాదకరమైన సంబంధం ఏదైనా జరిగి ఉన్నవారు రక్తదానానికి వెళ్లకూడదు. తన పరిస్థితి తెలుసుకోవడానికి రక్తదాన శిబిరాన్ని వాడుకోవడం మరీ తప్పు.

చెన్నై రోడ్డులో ప్రమాదం జరిగిన వ్యక్తిని ఎత్తి ఆటోలో వేశాను. చేతుల నిండా రక్తమైంది.

మీరు చేసింది మంచి పని. మీ చేతుల మీద తెరిచిన గాయం లేకపోతే ప్రమాదం లేదు. సబ్బు నీటితో కడుక్కుంటే చాలు. తాజా గాయం మీద ఎక్కువ రక్తం పడినా, కంట్లో పడినా, వెంటనే నీటితో బాగా కడిగి ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఇలాంటి సందర్భాల్లో వైద్యులు అవసరమని తేలిస్తే వైరస్ ఒంట్లో నాటుకోకుండా అడ్డుకునే పి.ఇ.పి. అనే మందుల కోర్సు ఇస్తారు. దాన్ని వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఇకపై ఇలాంటి సహాయానికి పాలిథిన్ సంచిని చేతికి తొడుక్కున్నా సరిపోతుంది. హెచ్‌ఐవీ భయంతో రోడ్డు మీద పడిన మనిషిని వదిలి వెళ్లవద్దు.

మా మరిదికి హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. ఒకే ఇంట్లో ఉంటున్నాం, పిల్లలు ఆయన దగ్గరే పడుకుంటారు. పళ్లెం, గది వేరు చేయాలా?

చేయకండి. మందులు సరిగా లేని తొలి రోజుల్లోనే ఈ ప్రశ్నను పరిశోధకులు పరిశీలించారు. 1986లో న్యూయార్క్‌లో 39 మంది రోగుల ఇళ్లలో వారితో కలిసి ఉంటున్న 101 మందిని పరీక్షించారు. వారంతా వంటగది, స్నానాలగది, గ్లాసులు, తువ్వాళ్లు పంచుకుంటూ, రోగులకు సేవ చేస్తూ, వారిని కౌగిలించుకుంటూ ఉన్నవారే. వైరస్ కనిపించింది ఒకే ఒక ఐదేళ్ల బిడ్డలో. ఆ బిడ్డకు అది పుట్టుకతో తల్లి నుంచి వచ్చిందని భావించారు. కలిసి బతకడం వల్ల ఒక్కరికీ సోకలేదు.

ఇప్పటి పరిస్థితి అప్పటి కంటే ఎంతో మెరుగు. 2004 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏ.ఆర్.టి. మందులను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సి.డి.4 సంఖ్యతో సంబంధం లేకుండా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెడుతున్నారు. మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షలో అది కనబడనంత తగ్గి అలాగే నిలిచిన వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా భాగస్వామికి సోకదని పెద్ద అధ్యయనాలు నిర్ధారించాయి. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు 15 నుంచి 45 శాతం వరకు సోకే అవకాశం ఉండగా, సరైన చికిత్సతో అది 5 శాతం కంటే తక్కువకు దిగుతుంది. పడకగదిలోనే ఇంత తేడా వచ్చినప్పుడు పళ్లెం గురించి చెప్పేదేముంది.

ఇంట్లో పాటించవలసినవి కొన్నే. టూత్ బ్రష్, గడ్డం గీసే బ్లేడు ఎవరివి వారికి ఉండాలి. ఇది హెచ్‌ఐవీ లేని ఇంట్లో కూడా ఉండవలసిన అలవాటే. రక్తం నేల మీద పడితే చేతికి తొడుగు వేసుకుని బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. మరిది గారికి దగ్గు ఎక్కువ రోజులు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి, ఎందుకంటే గాలి ద్వారా ఇంట్లో వారికి రాగలిగింది క్షయ. ఇక పళ్లెం వేరు చేసిన రోజు నుంచి ఆ మనిషి ఆసుపత్రికి వెళ్లడం, మందులు వేసుకోవడం అందరి ముందూ దాచుకోవలసి వస్తుంది. మాత్రలు మానేయడానికి అది దారి తీస్తుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఉందని ఎవరో చెప్పారు. అద్దెకున్న వారికి ఉందట. పిల్లవాడి తరగతిలో ఒక బిడ్డకు ఉందట. ఏం చేయాలి?

ఏమీ చేయనవసరం లేదు. ఆ మాటను ఇంకొకరికి చేరవేయకుండా ఉండాలి. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం, హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగం నుంచి తీసివేయడం, బడిలో చేర్చుకోకపోవడం, వైద్యం నిరాకరించడం, ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధం. ఒకరి అనుమతి లేకుండా వారికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతిని బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవారిపై ద్వేషాన్ని రెచ్చగొట్టేలా ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వీధి వాట్సాప్ గ్రూపులో ఒకరి పేరు పెట్టి "జాగ్రత్త" అని రాసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

నాకు వారం రోజులుగా జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో చూస్తే హెచ్‌ఐవీ లక్షణాలే అని ఉంది.

అవే లక్షణాలు డెంగీకి, మామూలు వైరల్ జ్వరానికి, మందులు పడకపోవడానికి కూడా ఉంటాయి. లక్షణాలను చూసి హెచ్‌ఐవీ ఉందని గాని, లేదని గాని వైద్యుడు కూడా చెప్పలేడు, రక్తపరీక్షే చెప్పగలదు. ప్రమాదకరమైన సంఘటన ఏదీ జరగకపోతే ఆ జ్వరానికి కారణం మరొకటి. దానికి చికిత్స చేయించుకోండి.

పరీక్ష ఎక్కడ, ఎప్పుడు చేయించుకోవాలి?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐ.సి.టి.సి. అని పిలిచే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. తిరుపతిలో రుయా ఆసుపత్రికి, చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవచ్చు. పరీక్షకు ముందు, తర్వాత కౌన్సిలర్ విడిగా మాట్లాడతారు, మీ సమ్మతి తీసుకుంటారు, ఫలితాన్ని మీకే చెబుతారు. మొదటి పరీక్షలో తేడా కనబడితే మూడు వేర్వేరు కిట్లతో సరిచూశాకే పాజిటివ్ అని నిర్ధారిస్తారు కాబట్టి, బయట ఒక ల్యాబులో వచ్చిన ఒక్క కాగితం చూసి కుప్పకూలకండి.

సంఘటన జరిగిన మర్నాడే చేసిన పరీక్షకు అర్థం లేదు. వైరస్ భాగాన్నీ, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే ప్రతిరక్షకాలనూ కలిపి చూసే నాలుగో తరం పరీక్షను ప్రయోగశాలలో సిర నుంచి తీసిన రక్తంతో చేస్తే 45 రోజులకు నమ్మదగిన ఫలితం ఇస్తుంది. ప్రతిరక్షకాలను మాత్రమే చూసే రాపిడ్ కిట్లకు 90 రోజులు ఆగాలి. ఆ గడువు దాటాక వచ్చిన నెగటివ్, నెగటివే.

నాలుగుసార్లు నెగటివ్ వచ్చింది. అయినా ఏదో పొరపాటు జరిగిందేమోనని భయం పోవడం లేదు. మళ్లీ చేయించుకోనా?

వద్దు. ఐదో కాగితం తెచ్చే ఊరట కూడా కొన్ని రోజులకే కరిగిపోతుంది. మీ ఇబ్బందికి కారణం రక్తంలో లేదు. ప్రమాదం లేదని తెలిసినా ఆలోచన పదేపదే వచ్చి మీద పడటం, ఆ బాధ తీరడానికి చేతులు కడుక్కోవడం, ఒంటిని వెతుక్కోవడం, ఇంటర్నెట్‌లో చదవడం, పరీక్ష చేయించుకోవడం, కాసేపటికి మళ్లీ మొదటికి రావడం అనేది వైద్యులకు బాగా తెలిసిన ఆందోళన సమస్య. కొందరిలో అది ఓ.సి.డి. రూపంలో ఉంటుంది. దానికి మాటల ద్వారా చేసే చికిత్స ఉంది, మందులు ఉన్నాయి, రెండూ పనిచేస్తాయి. రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఇలాంటి వారికి "ఏం కాదులే" అని రోజుకు పదిసార్లు చెప్పే ఇంట్లో వారు, ప్రేమతోనే అయినా, ఆ చక్రాన్ని తిప్పుతూనే ఉంటారు. ఒకసారి స్పష్టంగా చెప్పి వైద్యుని దగ్గరికి తోడు వెళ్లడం అంతకంటే మంచి సహాయం.

మరో సంగతి కూడా ఉంది. గ్లాసు గురించి, బ్లేడు గురించి అడిగే కొందరి మనసులో అసలు ఉన్నది మరొక సంఘటన. పెళ్లికి ముందుదో, ప్రయాణంలో జరిగిందో, జీవిత భాగస్వామికి చెప్పలేనిదో. నేరభావం పరీక్షను వాయిదా వేయించి, భయాన్ని గ్లాసు మీదికి మళ్లిస్తుంది. కండోమ్ లేని సంబంధం జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే ఇవాళే ఆసుపత్రికి వెళ్లి పి.ఇ.పి. గురించి అడగండి. దాటిపోతే పైన చెప్పిన గడువుకు పరీక్ష చేయించుకోండి, అప్పటి వరకు భాగస్వామితో కండోమ్ వాడండి. కౌన్సిలర్ మీ నడవడిక గురించి తీర్పు చెప్పడానికి అక్కడ కూర్చోలేదు.

ఎదురుగా కూర్చుని అడగడానికి సిగ్గుగా ఉంది.

జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మాట్లాడే ముందు, జరిగిన తేదీ, జరిగిందేమిటి, ఇప్పటికే చేయించిన పరీక్ష పేరు, దాని తేదీ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. లక్షణాల చిట్టా అక్కర్లేదు.